కొసరు ముడి

ఎనభై ఆరు వరద తర్వాత గోదారి మళ్ళీ అంత ఎత్తున లేచింది రెండువేల ఇరవై రెండు జూలైలోనే. ఆ వరద వచ్చిపోయిన మరుసటేడు, శ్రావణం రెండుసార్లు వచ్చిన ఏడు, పాటిలంకలో ఈ సంగతి జరిగింది. అక్కడ ఎవర్నడిగినా సంవత్సరం అంకె చెప్పరు. "పెద్దనీళ్ళ మరుసటేడండి" అంటారు, అంతే.

పాటిలంక వశిష్ఠ పాయ నడుమ ఉంది. ఒక పక్క ఏరు, రెండో పక్కా ఏరే. గట్టుకి రావాలంటే పడవెక్కాలి. ఆ పడవ సత్తియ్యది. డెబ్బై దాటిన మనిషి. పల్లెకారి ఇంట పుట్టి గెడ పట్టుకునే పెరిగాడు. జనాన్ని దాటించడం, ఖాళీ ఉంటే వల అల్లడం ఆయన పని. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ఎదురునీటికి పడవ తోసినంత కష్టం. "సత్తియ్య మావకి దేవుడు మాటలు కొలిచిచ్చాడు. అయ్యన్నీ పెళ్ళైన కొత్తలో లోవలక్ష్మి అత్తతోటే అయిపోయాయి" అని చేపలమ్మే ఉషారాణి రేవులో అందర్నీ నవ్విస్తుండేది. సత్తియ్య దానికీ ఏమీ అనేవాడు కాదు.

లోవలక్ష్మి ఆయన భార్య. వరదకి ముందటేడు పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. మాట కూడా పోయింది. ఆమెకి మిగిలిన బలమల్లా ఎడంచెయ్యి ఒక్కటే. పిల్లల్లేరు. సత్తియ్యే ఎత్తేవాడు, కడిగేవాడు, గంజి పట్టేవాడు. రేవులో ఎవరైనా కేకేస్తే వెళ్ళక తప్పదు. వెళ్ళేటప్పుడు ఆమె దొర్లి కిందపడకుండా పాత పంచెతో మంచానికి కట్టేసి వెళ్ళేవాడు. వలలో ఎన్ని వేల ముళ్ళు వేసిన చెయ్యో అది, ఆ ఒక్క ముడి దగ్గర తడబడేది. లోవలక్ష్మి గోడ వైపు చూసేది.

ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఇచ్చిన రోజున లంక ఖాళీ చేయించారు. మరపడవలొచ్చి నడిచేవాళ్ళందర్నీ ఎక్కించుకుపోయాయి. సత్తియ్య తన పడవలో తలుపుచెక్క పరిచి, దానిమీద లోవలక్ష్మిని పడుకోబెట్టాడు. తాడు విప్పబోతుంటే నడుం లోతు నీళ్ళలోంచి ఒకావిడ వచ్చి పడవెక్కింది. యాభై దాటి ఉంటాయి. బూడిదరంగు చీర, మెడలో చిన్న సిలువ. ఎక్కుతూనే లోవలక్ష్మి తల ఒళ్ళోకి తీసుకుంది.

"నర్సునండి. పేరు రత్నమాణిక్యం. పదండి" అంది.

ఏదో మఠం ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు చేసిన కన్యస్త్రీ అనీ, వరద పనికి వచ్చిందనీ తర్వాత తెలిసింది.

గోదారి ఆ రోజు ఏరులా లేదు. ఎర్రనేల మొత్తం లేచి సముద్రానికి నడిచి వెళ్ళిపోతున్నట్టుంది. గెడకి అడుగు అందడం లేదు. సత్తియ్య తెడ్డు వేస్తున్నాడు. గడ్డివాములు తేలి వస్తున్నాయి, వాటి మీద పాములు. ఒక మనిషి కూడా బోర్లా తేలుతూ పడవ పక్కనుంచే పోయాడు. చొక్కా వీపు మీద ఉబ్బి ఉంది. ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. పట్టుకుందామని చెయ్యి చాచేలోపు వెళ్ళిపోయాడు.

రత్నమాణిక్యమ్మ జపమాల తీసి మంగళవార్త జపం మొదలుపెట్టింది. "మరియమ్మా, వందనము" అంటోంది. నడి ఏట్లో సుడి తగిలి పడవ ఒరిగితే పూసలమాల చేతిలోంచి జారి నీళ్ళలో పడిపోయింది. జపం ఆగలేదు. వేలికణుపుల మీద లెక్క పెట్టుకుంటూ పోయింది.

సత్తియ్య వరదలో ఏడ్చేవాళ్ళని చూశాడు. గంగమ్మకి కోడిని మొక్కేవాళ్ళని, గోదారిని బూతులు తిట్టేవాళ్ళని కూడా చూశాడు. అంత నీటి మీద, ఎదురుగా పీటమీద కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు అంత నెమ్మదిగా మాట్లాడేవాళ్ళని మాత్రం చూడలేదు. ఆయమ్మ ఎవరితో మాట్లాడుతోందో ఆవిడ ఈ పడవలోనే ఉందనిపించింది. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాల్లేదు. తెడ్డు వేస్తూనే ఉన్నాడు. పడవ గట్టు చేరింది.

నీళ్ళు తీశాక వరద పనికి వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు గానీ రత్నమాణిక్యమ్మ వెళ్ళలేదు. లంకలో మెరక మీద పాత తుఫాను షెడ్డుంది. పంచాయతీవాళ్ళనడిగి అందులో బురద ఎత్తిపోయించింది. ఇళ్ళలో మూలపడి ఉన్న మంచంపట్టు మనుషులందర్నీ అక్కడికి చేర్చింది. సామర్లకోట నుంచి వినీల, సుప్రియ అని ఇద్దరు పిల్లలు ఆమెతో ఉండటానికి వచ్చారు. ఒక్కొక్కళ్ళకి ఇరవై రెండో మూడో ఉంటాయి. లోవలక్ష్మికి కిటికీ పక్క మంచం వచ్చింది. పొద్దున్నే తల దువ్వేవాళ్ళు. పొడి చీర కట్టేవాళ్ళు. ఆమె గోడవైపు చూడటం మానేసింది.

రత్నమాణిక్యమ్మ మనసులో ఉన్నది ఒక కొత్త సభ. ఆసుపత్రికి రాలేనివాళ్ళ దగ్గరికి పడవెక్కి వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళతో కలిసి జపమాల చెప్పే కన్యస్త్రీల సభ. దానికి రేవుమాత సభ అని పేరు కూడా అనుకుంది. బిషప్పుగారు విన్నారు. "అమ్మా, నోటిమాట మీద సభ పుట్టదు. ఒక ఏడాది బతికి చూపించండి. వచ్చే మరియమ్మ పుట్టినరోజుకి నేనే వస్తాను. నిలబడి ఉంటే స్థాపిస్తాను. లేదంటే ఎక్కడినుంచి వచ్చినవాళ్ళు అక్కడికే" అన్నారు.

ఈ మాట సత్తియ్య చెవిని పడింది. అప్పట్నుంచీ ఆయనకి ఒకటే దిగులు. సభ నిలిస్తే లోవలక్ష్మి కిటికీ పక్కన మనిషిలా ఉంటుంది. నిలవకపోతే మళ్ళీ ఇల్లు, మళ్ళీ పాత పంచె, మళ్ళీ ఆ ముడి.

అందుకే ఆ అమ్మ ఏ పని చెప్పినా పరిగెత్తేవాడు. నీళ్ళు మోసేవాడు. కప్పు సవరించేవాడు. ఒకరోజు ఆమె, "సత్తియ్యగారూ, జపమాలలు కావాలండి. పూసలవైతే వీళ్ళ చేతుల్లో తెగిపోతున్నాయి. మీ వలదారంతో ముళ్ళేసి ఇస్తారా? పది ముళ్ళు, కాస్త ఎడం, ఒక ముడి, ఎడం, మళ్ళీ పది. అలా అయిదు పదులండి" అంది.

"ఆయ్" అన్నాడు సత్తియ్య.

అయితే పల్లెకారి చేతికి పదంటే పది కాదు. చేప లెక్కన అమ్మితే పదికొకటి కొసరు వేస్తారు. ఎండుచేప కట్ట కట్టినా అంతే. కొసరు వెయ్యని చేతికి గంగమ్మ మళ్ళీ పెట్టదని వాళ్ళ పెద్దల మాట. సత్తియ్య తండ్రి అమ్మేవాటికే కాదు, వల కళ్ళు అల్లేటప్పుడు కూడా ప్రతి పదికీ ఒకటి కలిపేవాడు. కొడుక్కీ అదే అబ్బింది. అది తలపెట్టి చేసే పని కాదు, చెయ్యే చేసేసుకుంటుంది. నీలం నైలాన్ దారంతో సత్తియ్య కట్టిన ప్రతి మాలలోనూ పదికి పదకొండు ముళ్ళు పడ్డాయి. ఆ సంగతి ఆయనకి పట్టనే లేదు.

ముందు ముగ్గురికి కట్టాడు. తర్వాత మంచాల్లో ఉన్నవాళ్ళకి. ఆ తర్వాత లంకలో ఆడవాళ్ళు "మాకూ ఒకటి" అంటూ వెంటపడ్డారు. లంకలో దేవమాతని కొలిచే ఇళ్ళు నాలుగైదే. మిగతావాళ్ళు గంగమ్మ బిడ్డలు. కానీ దీపాలవేళ షెడ్డులో జపం మొదలైతే అందరూ వచ్చి కూర్చోవడం అలవాటైపోయింది. ఎవరో ఉషారాణిని ఎత్తిపొడిచారు, "ఏమే, గంగమ్మ ఊరుకుంటాదేంటే?" అని. "ఎందుకూరుకోదు? చెల్లెలింటికెళ్తే అక్క కోప్పడతాదేంటి?" అంది ఉషారాణి.

సత్తియ్య లోపలికి వెళ్ళేవాడు కాదు. గుమ్మం బయట మెట్టు మీద కూర్చునేవాడు. పది మంగళవార్తలు అయ్యాక లోపల ఒక క్షణం ఊపిరాడనట్టు నిశ్శబ్దం ఉండేది. అప్పుడు ఎవరో ఒకరు మెల్లగా అనేవాళ్ళు, "పెద్దనీళ్ళలో బోర్లా పోయిన ఆయనకి." లేకపోతే, "పేరు పెట్టకముందే పోయిన పిల్లకి." ఇంకోరోజు, "సంతలో అరుగు మీద పడుకునే పిచ్చమ్మకి." అప్పుడందరూ కలిసి ఇంకొక్క మంగళవార్త చెప్పేవాళ్ళు. ఆ ఒక్కటీ వేరేగా ఉండేది. గొంతులు కిందికి దిగేవి. వాళ్ళ మతంలో అలాగే చెబుతారు కాబోలు అనుకున్నాడు సత్తియ్య. వింటుంటే ఆయనకి నడి ఏట్లో పడవ గుర్తొచ్చి చేతులు వాటంతటవే జోడించుకునేవి.

అలా ఏడాది గడిచింది.

కృష్ణాష్టమి నాడు బిషప్పుగారి దగ్గర పనిచేసే ఫాదర్ సురేష్‌బాబు వచ్చారు. మర్నాడు బిషప్పుగారు వచ్చేలోపు అన్నీ చూసి పెట్టడానికి. కుర్రవాడు, మంచివాడు. నీళ్ళంటే మాత్రం హడలు. పడవ దిగేదాకా సత్తియ్య భుజం పట్టుకునే కూర్చున్నారు. దిగాక మంచం మంచానికీ వెళ్ళి అందర్నీ పలకరించారు. లోవలక్ష్మి చేతిలోని మాల తీసుకుని, ముచ్చటపడి, ముళ్ళ మీద బొటనవేలు పోనిచ్చారు. మళ్ళీ మొదటినుంచి పోనిచ్చారు. మొహం మారింది.

సత్తియ్య కిటికీ బయట తొట్టిలో నీళ్ళు పోస్తున్నాడు.

"ఇదేంటమ్మా, పదకొండున్నాయి? ఇందులోనూ పదకొండే. ఎవరు కట్టారు?"

"మా లంకలోనే కట్టారు ఫాదర్" అంది రత్నమాణిక్యమ్మ.

"మీరు చూసుకోలేదా?"

"మొదటిరోజే చూశాను. మర్నాడు చెప్పి మార్పించుకుందామనుకున్నాను. కానీ ఆ సాయంత్రం పది అయిపోయాక వేలికింద ఇంకో ముడి తగిలింది. ఉత్తినే దాటెయ్యబుద్ధి కాలేదు. వరదలో ఒక మనిషి కళ్ళముందే కొట్టుకుపోయాడు. ఆయనకోసం ఒకటి చెప్పాను. తర్వాత్రోజు వినీల ఇంకెవరికోసమో చెప్పింది. అప్పట్నుంచీ ఊరంతా చెబుతున్నారు."

ఫాదర్ తల పట్టుకున్నారు. "అమ్మా, చెడగొట్టడానికి రాలేదు నేను. మీ మంచికోరే చెబుతున్నాను. బిషప్పుగారు మిగతావన్నీ ఓర్చుకుంటారు గానీ జపం దగ్గర ఓర్చుకోరు. కిందటేడు ఒకచోట కొందరు సొంతంగా ఏదో చేర్చుకున్నారని ఆ కూటమినే మానిపించేశారు. క్రైస్తవ లోకమంతటికీ శ్రీసభ ఇచ్చిన జపమాలని లంకలో మార్చేశారని రేపు ఆయన చేతికి తగిలితే, సభ లేదు, ఏమీ లేదు. ఈ మంచాలన్నీ ఎత్తెయ్యాలి."

"అబద్ధం ఎలా ఆడను ఫాదర్? ఏడాది చెప్పింది చెప్పలేదనా?" అంది రత్నమాణిక్యమ్మ.

సత్తియ్య చేతిలో బిందె కిందపెట్టాడు. చెవుల్లో ఏరు పారుతున్నట్టుంది. తప్పు తనది. తన చేతిది. తండ్రి దగ్గర నేర్చిన కొసరు తీసుకెళ్ళి ఇంకొకళ్ళ దేవుడి లెక్కలో వేశాడు. దాంతో ఇప్పుడు అందరి నెత్తిన గోదారి తెచ్చిపెట్టాడు. కిటికీలోంచి లోవలక్ష్మి ఆయన్నే చూస్తోంది.

గుమ్మంలోకి వెళ్ళి వినీలని పిలిచాడు. "అమ్మాయిగారూ, తాళ్ళన్నీ ఇవ్వండి. పాతబడ్డాయి. కొత్తవి కట్టి తెత్తాను."

ఆయన నోట అంత పొడుగు మాట విని ఆ పిల్ల తెల్లబోయి, మేకుకి తగిలించినవన్నీ తీసి ఇచ్చేసింది. మంచాల మీదవీ పోగుచేసింది. ఊళ్ళో ఇళ్ళకి వెళ్ళి మిగతావి తనే తెచ్చుకున్నాడు సత్తియ్య. నీళ్ళలో నాని బిగిసిన వలముడి విప్పడం ఎవరి తరమూ కాదు. కొత్త దారం తీసి, ఇంటి ముందు కూర్చుని కట్టడం మొదలుపెట్టాడు.

మొదటి మాలలో మళ్ళీ పదకొండే పడ్డాయి. కోసి పారేశాడు. రెండోదీ అంతే. అప్పుడు లేచి లోపల్నుంచి పది చింతపిక్కలు తెచ్చి ముందు పెట్టుకున్నాడు. ఒక ముడి వేస్తే ఒక పిక్క పక్కకి జరపడం. పిక్కలైపోయినప్పుడు చెయ్యి ఇంకా ముందుకే పోతుంటే, దాన్ని రెండోచేత్తో పట్టి ఆపుకోవడం.

ఉషారాణి గంప దించి చోద్యం చూసింది. "ఏంటి మావా, బడిలో చేరావేంటి ఈ వయసులో?"

సత్తియ్య ఇంకో పిక్క పక్కకి జరిపాడు.

ఆమె ఒక మాల తీసి లెక్కబెట్టింది. "పదికి పదేనా? ఇదేం పిసినారి బేరం మావా? కొసరేదీ?"

"లేదు" అన్నాడు సత్తియ్య. ఆ గొంతు విని ఉషారాణి గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

తెల్లవారేలోపు అన్నీ అయ్యాయి. పట్టుకెళ్ళి వినీలకిచ్చి వచ్చేశాడు. ముందురోజు సాయంత్రం జపానికి ఆయన మెట్టు మీద కూర్చోలేదు.

పొద్దున్నే పడవ తియ్యబోతుంటే రత్నమాణిక్యమ్మ రేవులోకి వచ్చింది. చేతిలో కొత్త మాలుంది. "ఇదేంటండీ సత్తియ్యగారూ?"

"బిషప్పుగారొత్తున్నారు కదండీ" అన్నాడు ఆమె వైపు చూడకుండా.

ఆమె ఏదో అనబోయింది. అవతలి రేవులో కారు తలుపు చప్పుడైంది. సత్తియ్య గెడ వేశాడు.

బిషప్పుగారు పెద్దమనిషి. భారీగా ఉంటారు. చెప్పులు చేత్తో పట్టుకుని పడవెక్కి బల్లమీద కూర్చున్నారు. నిన్ననే గట్టుకి తిరిగెళ్ళిన ఫాదర్ సురేష్‌బాబు పక్కన ముడుచుకుని కూర్చున్నారు. ఏట్లో నీరు నిండుగా, నిమ్మళంగా ఉంది.

"పెద్దనీళ్ళప్పుడు ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు బిషప్పుగారు.

సత్తియ్య గెడ పైకెత్తి లంక ఒడ్డున ఒక కుర్ర కొబ్బరిచెట్టు చూపించాడు. మొవ్వుకి కాస్త కింద, మట్టలో ఇరుక్కున్న గోనెపట్టా ఇంకా వేలాడుతోంది. బిషప్పుగారు దాన్ని చూసి సిలువ గుర్తు వేసుకున్నారు.

షెడ్డు నిండిపోయింది. మంచాల మధ్య, తలుపుల్లో, కిటికీల బయట, ఎక్కడ చూసినా జనమే. దివ్యబలిపూజకి ముందు జపమాల. బిషప్పుగారు లోవలక్ష్మి మంచం పక్కన కుర్చీ వేయించుకుని, వినీల ఇచ్చిన నీలంతాడు చేతిలోకి తీసుకున్నారు. సత్తియ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూపు బిషప్పుగారి బొటనవేలి మీదే ఉంది.

ముళ్ళు ఒక్కొక్కటీ దాటుతున్నాయి. జనం గొంతు అలలా లేచి పడుతోంది. పదో ముడి దాటింది. వేలు నున్నటి దారం మీదకి వచ్చింది. గండం గడిచిందనుకున్నాడు సత్తియ్య.

అప్పుడు చూశాడు. లోవలక్ష్మి బొటనవేలు ఆ నున్నటి దారం మీద ముందుకీ వెనక్కీ పోతోంది. అక్కడుండాల్సినదాన్ని వెతుకుతోంది. ఆమె పక్క మంచం ముసలాయన వేలూ వెతుకుతోంది. వినీల వేలు. సుప్రియ వేలు. కింద కూర్చున్న ఆడవాళ్ళందరి వేళ్ళూ. ఇందరు మనుషులు, ఇన్ని చేతులు, తను తీసేసిన ఆ ఒక్క ముడి కోసం గుడ్డివాళ్ళలా తడుముకుంటున్నాయి.

బిషప్పుగారు తర్వాతి మాట కోసం ఊపిరి తీసుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపు, వెనకనుంచి ఉషారాణి గొంతు మెల్లగా వచ్చింది.

"పెద్దనీళ్ళలో బోర్లా పోయిన ఆయనకి."

షెడ్డంతా ఒక్కసారి పలికింది. "మరియమ్మా, వందనము." ఎవరూ గొంతెత్తలేదు. కానీ నేలలోంచి వచ్చినట్టు వచ్చింది ఆ శబ్దం. రేకులు జుమ్మన్నాయి. మంచంలో ఏళ్ళ తరబడి పెదవి కదపని వాళ్ళ పెదవులు కదిలాయి. కిటికీ బయట పిల్లల్నెత్తుకున్న ఆడవాళ్ళు చెబుతున్నారు. మొక్కు గంగమ్మదీ, మాట మరియమ్మదీ అయినవాళ్ళు చెబుతున్నారు. ఒక ఊరు ఊరంతా, ఊరూ పేరూ తెలియని ఒక్క మనిషి కోసం, "మా మరణ సమయమందును" అని తమకోసం చెప్పుకునే ఆ మాట చెబుతోంది. ఆ మనిషి నీళ్ళలోంచి లేచి వచ్చి గుమ్మంలో తన పక్కనే నిలబడ్డట్టు అనిపించింది సత్తియ్యకి. పక్కకి కాస్త జరిగి చోటిచ్చాడు కూడా.

బిషప్పుగారు చెయ్యెత్తారు. అంతా ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది?"

ఫాదర్ సురేష్‌బాబు నేల చూపులు చూశారు. రత్నమాణిక్యమ్మ లేచి నిలబడింది. ఆమె నోరు విప్పకముందే సత్తియ్య గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆయమ్మ తప్పు లేదండి. నాదండి. పది ముళ్ళెయ్యమన్నారండి. మా కులంలో పదికి ఒకటి కొసరెయ్యాలండి. చెయ్యి ఆగదండి, ఏసేత్తాది. నిన్న తెలిసిందండి తప్పని. అన్నీ తీసేసి పదేసి కట్టానండి. దారంలోంచి తీసేశాను గానండి, ఆళ్ళ నోట్లోంచి తియ్యడం నా వల్ల కాలేదండి. శిక్షేదన్నా ఉంటే నాకెయ్యండి. ఈ మంచాలు మాత్రం ఎత్తెయ్యకండి."

లంక మొత్తం నోరు తెరుచుకుని చూసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి సత్తియ్య అన్ని మాటలు ఒక్కచోట ఆడగా విన్నవాళ్ళు లేరు.

బిషప్పుగారు ఉషారాణి వైపు తిరిగారు. "నువ్వే కదమ్మా ముందు అన్నది? ఎవరికోసం చెబుతారు ఈ పదకొండోది?"

ఉషారాణి కొంగు సర్దుకుంది. "ఎవరూ లేనోళ్ళకండి. మావోళ్ళకి పది చాలిపోద్ది కదండీ. ఇది లెక్కలోకి రానోళ్ళకండి."

బిషప్పుగారు తల వంచుకుని చేతిలోని నీలంతాడు చూస్తూ ఉండిపోయారు. తర్వాత రెండో పది మొదలుపెట్టారు. ఒకటి, రెండు, అలా పది అయ్యాయి. ఆయన ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి భయం. ఏరు వినబడుతోంది.

అప్పుడు ఆయనే అన్నారు. గొంతు బాగా తగ్గిపోయి ఉంది.

"రాజమండ్రి స్టేషన్లో, నేను చూసి కూడా ఆగకుండా వెళ్ళిపోయిన ఆ మనిషికి."

ఆ మంగళవార్త ఆయన ఒక్కరే మొదలుపెట్టారు. సగంలో ఆగిపోయారు. మిగతా సగం లంక పూర్తి చేసింది. సత్తియ్య చూస్తున్నాడు. అంత పెద్దమనిషి, బంగారు సిలువ వేసుకున్న మనిషి, తన లోవలక్ష్మి మంచంపట్టె పట్టుకుని కూర్చున్నారు. లోవలక్ష్మి ఎడంచెయ్యి మెల్లగా జరిగి ఆయన చెయ్యి మీద పడింది. ఆయన దాన్ని తియ్యలేదు. మూడో పదికీ, నాలుగో పదికీ, అయిదో పదికీ ఆ చెయ్యి అక్కడే ఉంది. సత్తియ్య మోకాళ్ళు ఆయన్నడక్కుండానే నేలకి దిగాయి.

జపమాల అయ్యాక బిషప్పుగారు లేచి కళ్ళు తుడుచుకున్నారు.

"జపమాల జపమాలే. పదంటే పదే. దాన్ని మార్చడానికి మీరూ చాలరు, నేనూ చాలను. అది పూర్తయ్యాక మీరు వేసే కొసరు మాత్రం మీది. మీ సభది. ముడిగా కట్టుకోండి, కాస్త ఎడం ఇచ్చి కట్టుకోండి, పదిలో కలవకుండా." రత్నమాణిక్యమ్మ వైపు చూశారు. "నేను స్థాపించడానికి వచ్చానమ్మా. వచ్చేసరికే ఇది లేచి నిలబడి ఉంది. ఇంక నాకు మిగిలిన పని ఔననడమే. ఔను."

ఆ రోజే, ఆ పూజలోనే, రత్నమాణిక్యమ్మా వినీలా సుప్రియా ముగ్గురూ రేవుమాత సభ కన్యస్త్రీలుగా ఉంటామని మాటపట్టు ఇచ్చారు. లంకలో ఆడవాళ్ళు హారతి పట్టబోతే ఫాదర్ సురేష్‌బాబు వారించబోయారు. బిషప్పుగారు కళ్ళతోనే ఊరుకోమన్నారు. వెళ్ళేటప్పుడు పడవ దిగి, చెప్పులేసుకుని, సత్తియ్య రెండు చేతులూ పట్టుకుని తన నుదుటికి ఆనించుకున్నారు. సత్తియ్య ఏమీ అనలేదు. తన మాటలన్నీ పొద్దున్నే అయిపోయాయి.

మర్నాడు తెల్లవారకముందే లేచాడు సత్తియ్య. రేవులో తలారా స్నానం చేసి, నాలుగు వెదుళ్ళు భుజాన వేసుకుని, మెరక మీదకి వెళ్ళాడు. లోవలక్ష్మి కిటికీ ముందు గుంజలు పాతి పందిరి వేశాడు. దాని మొదట్లో గొయ్యి తీసి, పేడ ఎరువు వేసి, నానబెట్టి తెచ్చిన సొరగింజలు పెట్టాడు. మట్టి కప్పి అరచేత్తో అదుముతుంటే సుప్రియ పళ్ళు తోముకుంటూ వచ్చి చూసింది.

"ఇప్పుడు పెడితే ఎప్పటికి కాస్తుందండీ తాతగారూ?"

"కాత్తాది" అన్నాడు సత్తియ్య. బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళాడు.